కోదాడ దాటాక కారపు నలుసు

ఈ శీర్షికలో నేను మామూలుగా ఇంటి సంగతులూ, ఇరుగుపొరుగు కబుర్లూ రాస్తుంటాను. ఈ వారం మాత్రం కొంచెం దూరం వెళ్ళక తప్పటం లేదు. ఎంత దూరమంటే, అక్షరాలా ఆరు వందల అరవై కోట్ల కిలోమీటర్లు. కంగారు పడకండి. కోదాడ దాకా బస్సు టిక్కెట్టు తీసుకుంటే చాలు. మిగతా నాలుగు అడుగులూ నడిచిపోదాం.

దీనికంతటికీ కారకురాలు మా మనవరాలు. మిర్యాలగూడలో ఉంటుంది, మా అమ్మాయి కూతురు. నాలుగో తరగతి. దసరా సెలవులకి సూర్యాపేట వచ్చి, ఓ సాయంత్రం వరండాలో కూర్చుని పాఠం వల్లె వేస్తోంది. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. అక్కడ ఆగి నా మొహం కేసి చూసింది.

"దాని తర్వాత ఏముంటది తాతా?"

"ఏముంటుందమ్మా, చీకటి."

"చీకట్ల ఏముంటది?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "అడుగు తల్లీ, బాగా అడుగు. కరెంటు పోతే టార్చి లైటు ఎక్కడుందో ముప్పయ్యేళ్ళయి చెప్పలేని మనిషి, నెప్ట్యూను అవతల చీకట్లో ఏముందో చెప్తారట!"

పిల్లల ప్రశ్నలతో వచ్చిన చిక్కే ఇది. మనకి తెలియదని ఒప్పుకునేదాకా వదలరు. ఒప్పుకున్నాక మరీ వదలరు. ఆ రాత్రి ఇంట్లో ఉన్న పుస్తకాలూ, దాచుకున్న కాగితాలూ తిరగేశాను. పొద్దున్నే ఉమ్మడి నల్లగొండ జిల్లా పటం నేల మీద పరిచి, మా ఆవిడ పూలు కట్టుకునే దారం ఉండ పట్టుకుని కూర్చున్నాను.

మా లెక్క ఇదీ. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దాన్ని కుదించి ఒక్క కిలోమీటరు చేశాం. మరి సూర్యుణ్ణి ఎక్కడ పెడదామంటే పాప తడుముకోలేదు. "సూర్యాపేటలనే!" అంది. నిజమే, ఊరి పేరులోనే ఉన్నాడు. పూర్వం దీన్ని భానుపురి అనేవారని పెద్దలు చెబుతారు. అప్పుడూ ఆయనే.

ఈ కొలతలో సూర్యుడు ముప్పై అడుగుల బంతి, అంటే మూడంతస్తుల మేడంత. అక్కణ్ణించి ఒక కిలోమీటరు దూరాన మన భూమి ఒక బత్తాయి పండు. 2016లో జిల్లాలు విడిపోయాయి గాని, బత్తాయి తోటల పేరు చెబితే ఇప్పటికీ అందరం నల్లగొండ వాళ్ళమే గదా! ఆ బత్తాయికి ఎనిమిదడుగుల పైచిలుకు దూరాన చంద్రుడు ఒక ఉసిరికాయ. గురుడు అయిదు కిలోమీటర్లు దాటాక మూడడుగుల గుండు. శని తొమ్మిదిన్నర కిలోమీటర్లలో, యురేనస్ పంతొమ్మిదిలో. ఆఖరి గ్రహం నెప్ట్యూన్ ముప్పై కిలోమీటర్లలో.

సూర్యాపేట మీద సూది గుచ్చి, ముప్పై కిలోమీటర్లకు సరిపడా దారం కట్టి, పెన్సిలుతో గుండ్రంగా తిప్పాం. ఇది రోడ్డు దూరం కాదు, పటం మీద తిన్నగా కొలిచిన దూరం. ఆ గీత ఎటుగా పోయిందనుకున్నారు? అచ్చంగా మిర్యాలగూడ మీదుగా పోయింది. పాప ఎగిరి గంతేసింది.

"అయితే మా ఊరు నెప్ట్యూనా తాతా?"

"అవునమ్మా. మీ నాన్న పనిచేసే రైసు మిల్లు వాకిట్లో ఒక గుమ్మడికాయ పెడితే సరిపోతుంది."

ఇక దారం పొడిగించాం. నలభై కిలోమీటర్ల గీత కోదాడను తాకింది. సూర్యుడి నించి ప్లూటో సగటు దూరం ఇంచుమించు అంతే. 1930లో కనిపెట్టిన నాటి నించీ గ్రహంగా చెలామణి అయి, 2006లో ఆ హోదా పోగొట్టుకున్న ప్లూటో ఈ కొలతలో చిన్న రేగుపండు. నేను బడిలో చదువుకున్న లోకం ఆ రేగుపండు దగ్గర అయిపోయింది. పంతులుగారు అక్కడితో పుస్తకం మూసేసేవారు.

కాని లోకం అక్కడ అయిపోలేదు. డేవిడ్ జూయిట్, జేన్ లూ అనే ఇద్దరు హవాయి దీవిలో కొండమీద అయిదేళ్ళపాటు ఆకాశాన్ని గాలించి, 1992 ఆగస్టులో నెప్ట్యూన్ అవతల ఒక చిన్న ఎర్రటి చుక్కను పట్టుకున్నారు. అదొక్కటే కాదు, అలాంటివి ఒక పెద్ద మందే ఉందని తరవాత తేలింది. దాన్ని కైపర్ మేఖల అంటారు. మన పటంలో చెప్పాలంటే, మిర్యాలగూడ గీత నించి కోదాడ దాటి మరో పది కిలోమీటర్ల దాకా చుట్టూ పరుచుకున్న జాగా. అక్కడ ఇప్పటికి వేలకొద్దీ మంచుముద్దల్ని లెక్కపెట్టారు. 2000లో దొరికిన ఒకదానికి మన వరుణుడి పేరు పెట్టారు.

వీటిల్లో మనిషి పంపిన యంత్రం దగ్గరికి వెళ్ళి చూసినవాటిలో అన్నిటికన్నా దూరానిది ఒకటి ఉంది. దాని పేరు అరోకాత్. అమెరికాలో పౌహాటన్ అనే ఆదివాసుల భాషలో ఆ మాటకు ఆకాశం అని అర్థం. ఆ తెగ పెద్దల సమ్మతి తీసుకుని 2019 నవంబరులో ఆ పేరు ఖాయం చేశారు. అది మన పటంలో కోదాడ దాటి నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటుంది. మూడు వందల ఏళ్ళకి ఒకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది.

"అదెంత ఉంటది తాతా?"

అసలు పొడుగు 36 కిలోమీటర్లు. ఇక్కణ్ణించి మునగాల దాటి, ఇంచుమించు కోదాడ పొలిమేర దాకా పరుచుకుంటుంది. మన కొలతలోకి కుదిస్తే మిల్లీమీటరులో పావు వంతు. ఏమిటి పెట్టాలా అని తల గోక్కుంటుంటే మా ఆవిడే వంటింట్లోంచి వచ్చి, పోపుల పెట్టె తీసి చూపించింది. "ఎర్రగా ఉంటుందన్నారు కదా. కారప్పొడిలోంచి ఒక్క నలుసు తీసుకోండి." ముప్పయ్యేళ్ళలో ఆవిడ నాకు చేసిన సాయాల్లో దీన్ని మొదటి వరసలో వేసుకుంటున్నాను.

ఆ ఆదివారం కోదాడలో మా చుట్టాల గృహప్రవేశం. పాపను తీసుకుని బస్సెక్కాను. గౌను జేబులో కాగితప్పొట్లం, పొట్లంలో చిటికెడు కారం. దారి పొడుగునా లెక్కలే. మన కొలతలో వెలుతురు కిలోమీటరు నడవటానికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు తీసుకుంటుంది. అంటే కాస్త చురుకుగా నడిచే మనిషి అంత. సూర్యాపేటలో పొద్దున ఆరింటికి బయల్దేరిన వెలుగు కోదాడ చేరేసరికి పదకొండున్నర దాటుతుంది. బస్సు వెలుతురు కన్నా ముందు పోతోందని పాప ఒకటే మురిసిపోయింది.

న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక సంగతి ఇంకా విడ్డూరం. అది సెకనుకి 14 కిలోమీటర్లు పోతుంది. అయినా మన కొలతలో రోజుకి పాతిక అడుగులు, పైన కొంచెం. 2006 జనవరి 19న బయల్దేరింది. 2015 జూలై 14న ప్లూటోను దాటింది. 2019 జనవరి 1న, మన గడియారంలో పగలు పదకొండు గంటల వేళ, అరోకాత్‌కు 3,500 కిలోమీటర్ల దూరం నించి దూసుకుపోయింది. మన పటంలో ఆ దూరం ఒక అంగుళం కూడా లేదు. పదమూడేళ్ళు నడిచి, సూర్యాపేట నించి కోదాడ దాటి వెళ్ళి, ఒక కారపు నలుసు పక్కనించి అంగుళం ఎడంలో పోవటం! అక్కణ్ణించి కబురు భూమికి చేరటానికే ఆరు గంటలు పట్టింది. ఫోటోలన్నీ దిగటానికి ఏడాది మించిపోయింది.

ఆ ఫోటోల్లో కనిపించింది ఏమిటంటే, ఒకదానికొకటి అంటుకున్న రెండు ముద్దలు. పెద్దది దిబ్బరొట్టెలా అణిగి ఉంది, చిన్నది కొంచెం గుండ్రంగా ఉంది. రెండూ గుద్దుకుని పగల్లేదు. మనిషి నడకంత నెమ్మదిగా వచ్చి ఆనుకుని, అలాగే ఉండిపోయాయి. గ్రహాలు పుట్టే రోజుల్లో, అంటే సుమారు 450 కోట్ల ఏళ్ళ కిందట, దుమ్మూ మంచూ మెల్లగా ఎలా ముద్దకట్టాయో చెప్పే సాక్ష్యం అది. ఇక్కడ మన భూమి కరిగింది, ఉడికింది, వానలకు కోసుకుపోయింది. అక్కడ వండేవాళ్ళు లేరు, కలిపేవాళ్ళు లేరు. గిన్నె ఎలా పెట్టింది అలాగే ఉంది.

మరి ఎరుపెందుకు? ఇనుము తుప్పు కాదు, మన చెలకల్లో ఎర్రమట్టి లాంటిదీ కాదు. అక్కడి మంచులో మిథనాల్ వంటి పదార్థాలున్నాయి. వాటి మీద సూర్యకిరణాలూ, అంతరిక్షం నించి వచ్చే కిరణాలూ కోట్ల ఏళ్ళు పడి పడి, పాలు కాగి కాగి కోవా రంగు తిరిగినట్టు, మంచు పైపొర ఎర్రబడింది. ఇలాంటి ఎర్రని జిగురు పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 1979లో థోలిన్ అని పేరు పెట్టినవారు ఇద్దరు. ఒకరు కార్ల్ సాగన్. రెండోవారు కాశీలో పుట్టిన బిషున్ ఖరే.

భోజనాలయ్యాక ఆటో మాట్లాడుకుని విజయవాడ రోడ్డున నాలుగు కిలోమీటర్లు వెళ్ళాం. ఆటో అతను "ఇక్కడేముంది సార్?" అని అడిగాడు. ఏం చెప్పను? పాప రోడ్డుకు దూరంగా చేను గట్టు మీద నిలబడి పొట్లం విప్పి, వేలి కొసకు ఒక్క నలుసు అంటించుకుంది. ఇంతలో ఒక లారీ పోయింది. ఆ గాలికి నలుసు ఎటు పోయిందో తెలియదు.

"పోయింది తాతా!" అంది. కాసేపాగి, "సూర్యాపేటల నిలబడి ఇక్కడున్న కారం నలుసును ఎట్ల చూసిన్రు వాళ్ళు?" అంది.

అదీ ప్రశ్న. ఈ వారం నేను రాయాలనుకున్నదంతా ఆ ప్రశ్న కిందే ఉంది.

2014లో హబుల్ అనే అంతరిక్ష దుర్భిణి ఫోటోల్లో అరోకాత్ కదిలే చుక్కగా దొరికింది. చుక్కే, అంతకన్నా ఏమీ తెలియదు. ఎంత ఉంటుంది, ఏ ఆకారంలో ఉంటుంది? తెలియకుండా వ్యోమనౌకను దాని దగ్గరికి ఎలా తోలటం? అప్పుడు శాస్త్రజ్ఞులు ఒక చిన్న ఉపాయం ఆశ్రయించారు. వస్తువును చూడలేకపోతే దాని నీడను చూడవచ్చు గదా! అరోకాత్ ఏదైనా నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, ఆ నక్షత్రం వెలుగులో దాని నీడ భూమి మీద ఎక్కడో ఒకచోట పడుతుంది. అక్కడ నిలబడినవాళ్ళకి ఆ నక్షత్రం ఒక్క రెప్పపాటు ఆరి వెలుగుతుంది.

ఆ నీడ ఎక్కడ పడుతుందో తెలియాలంటే ముందు నక్షత్రాల చోట్లు వెంట్రుకవాసి తేడా లేకుండా తెలియాలి. గైయా అనే ఉపగ్రహం ఆ పటం గీసి ఇచ్చింది. ఇలాంటి పని మనకి కొత్త కాదు సుమండీ. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచంలోని వేధశాలలు పంచుకున్న ఆకాశపటంలో తన వంతు తీసుకుని, గాజు పలకల మీద లక్షలకొద్దీ నక్షత్రాల చోట్లు గుర్తించి అచ్చు వేసింది. రాత్రి తరవాత రాత్రి, ఏళ్ళ తరబడి కూర్చుని కొలిచారు.

గైయా పటం పెట్టుకుని లెక్కకడితే, 2017 జూలై 17న ఆ నీడ అర్జెంటీనా దక్షిణ భాగాన, కొమొడోరో రివడావియా అనే ఊరి చుట్టుపక్కల పడుతుందని తేలింది. అది అక్కడ చలికాలం, పైగా హోరుగాలి. అప్పటికే జూన్ నెలలో ఒకసారి ఇలాగే ఎదురుచూసి ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. అయినా మళ్ళీ వెళ్ళి, రెండు డజన్ల దుర్భిణులు వరసగా నిలబెట్టారు. అప్పుడు ఆ ఊరివాళ్ళు ఏం చేశారో వినండి. వీధి దీపాలు ఆర్పేశారు. పెద్ద రోడ్డు మీద బండ్లు ఆపేశారు. దుర్భిణులు గాలికి ఊగకుండా లారీలు తెచ్చి అడ్డం పెట్టారు. ఎందుకు? ఎన్నడూ చూడని, పేరైనా లేని ఒక నలుసు తాలూకు నీడ రెప్పపాటు తమ ఊరి మీదుగా పోతుందని! అయిదు దుర్భిణులకు నక్షత్రం ఆరటం చిక్కింది. ఆ అయిదింటి లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, అవతల ఉన్నది ఒక ముద్ద కాదు, జంట ముద్దలన్న సంగతి వ్యోమనౌక వెళ్ళకముందే తెలిసిపోయింది.

పాప కళ్ళు పెద్దవి చేసుకుని వింది. "మన ఊరి మీదికి ఎప్పుడన్న అట్ల నీడ వచ్చిందా తాతా?"

వచ్చిందమ్మా. అంతకన్నా లక్ష రెట్లు గొప్ప నీడ వచ్చింది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకు పన్నెండేళ్ళు. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ నూట నలభై కిలోమీటర్ల వెడల్పున పడమటి తీరాన దేశంలోకి అడుగుపెట్టి, రాయచూరు మీదుగా వచ్చి మా జిల్లాను కప్పి, ఒరిస్సా దాకా పోయింది. సూర్యాపేట దాదాపు ఆ నీడ నడిమధ్యన ఉంది. రెండు నిమిషాలకు పైగా పట్టపగలు రాత్రయింది. సూర్యాపేట నించి వంద కిలోమీటర్లయినా లేని జపాల్-రంగాపురం కొండ మీద, ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాలలో, శాస్త్రజ్ఞులు నెలల ముందు నించీ సిద్ధమై ఆ రెండు నిమిషాల కోసం నిలబడి ఉన్నారు.

నేనెక్కడున్నాను? మా ఇంటి నడిమి గదిలో, తలుపులు బిగించుకుని, దుప్పటి ముసుగులో. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. ఆవకాయ జాడీల మీద దర్భపోచలు వేశారు. కడుపుతో ఉన్న మా వదిన కదలకుండా వెల్లకిలా పడుకుంది. చూస్తే కళ్ళు పోతాయన్నారు మా నాన్న. అందులో సగం నిజం ఉంది. సూర్యుడు పిసరంత మిగిలి ఉన్నా వట్టి కళ్ళతో చూడకూడదు, చూపు నిజంగానే పోతుంది. చూసేందుకు తగిన అద్దాలుంటాయని మాకెవరూ చెప్పలేదు. మేము అడగనూ లేదు. మూడున్నర దాటాక తలుపు కింద సందులోంచి వచ్చే వెలుగు చిక్కబడి, ఆరిపోయింది. బయట పిచుకలు ఒక్కసారి గోలచేసి ఊరుకున్నాయి. గొడ్లపాకలో ఆవు అరిచింది. చేయి చాస్తే తలుపు గడియ అందుతుంది. నేను చాచలేదు. కాసేపటికి మళ్ళీ వెలుగు వచ్చింది. అందరం లేచి తలంటుకున్నాం.

వదినకి పండంటి మగపిల్లాడు పుట్టాడు. ఆ పిల్లాడికీ గ్రహణానికీ ఏమీ సంబంధం లేదు. కాని ఆ నీడ మళ్ళీ మా ఊరి మీదికి నా బతుకులో రాదు. నేనెవర్నీ తప్పు పట్టను. మా నాన్నది భయం కాదు, మా మీద ప్రేమే. ఆ రోజుల్లో ప్రేమకు తెలిసిన దారి తలుపు బిగించటం.

పాప చాలాసేపు మాట్లాడలేదు. ఆటో ఎక్కాక నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది. "అయితే నువ్వు చూడలేదా తాతా?"

"లేదమ్మా."

"ఈసారి గ్రహణం వస్తే అద్దాలు తెస్తవా?"

"తెస్తాను. మీ అమ్మమ్మకి కూడా."

ఇదండీ సంగతి. మీ ఊరి పటం మీద కూడా ఒక సూది గుచ్చి దారం తిప్పి చూడండి. మీ చుట్టాల ఊళ్ళు ఏ గ్రహాల మీద ఉన్నాయో తేలుతుంది. ముప్పై కిలోమీటర్ల దగ్గర ఆగిపోకండి. అవతల చీకట్లో ఏముందని పిల్లలు అడిగితే, నాలాగ చీకటి అని మాత్రం చెప్పకండి. పోపుల పెట్టె తెచ్చి ముందు పెట్టండి.

నిన్న మిర్యాలగూడ నించి ఫోను వచ్చింది. "తాతా, నెప్ట్యూన్ కెల్లి మాట్లాడుతున్న. అద్దాలు కొన్నవా?"

కొన్నాను. మూడు జతలు. మా ఆవిడ వాటిని టార్చి లైటు పక్కనే పెట్టింది. అది ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు.